పజిల్ కష్టమా, ప్రశ్నే కనపడట్లేదా?

తెర మీది వస్తువుల మీద క్లిక్ చేస్తూ కథ నడిపించే ఒక పాయింట్ అండ్ క్లిక్ గేమ్ వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మొదలవుతుందనుకుందాం. మిర్చి సీజన్, యార్డు నిండా ఎర్రటి రాశులు, ఒక గోదాం తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న కావలి మనిషి. లోపలికి పోవాలి, ఆయన కదలడు. పక్కన టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది, కాస్త దూరంలో రెండు రాశులున్నాయి, ఒకటి చపాటా, ఇంకోటి తేజ. ఇక్కడ ఎవరికైనా తట్టేది ఒకటే: ఎండుమిర్చి దంచి ఫ్యాన్ ముందు పెడితే ఆయన తుమ్ముకుంటూ లేచిపోతాడు. సరే, ఏ మిర్చి? చూడ్డానికి చపాటాది నిగనిగలాడే ముదురు ఎరుపు, అందుకే చాలామంది చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. తీసుకెళ్లి ఫ్యాన్ ముందు పెడతారు. కావలాయన కూర్చున్న చోటే కూర్చుని, "రంగైతే మస్తుంది గానీ, దీనికి ఘాటేడిది బిడ్డా?" అంటాడు.

ఆ ఒక్క డైలాగుతో పజిల్ దాదాపు విప్పినట్టే. చపాటాకు 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని పేరంతా రంగు మీదే, ఘాటు చాలా తక్కువ. వరంగల్ చుట్టుపక్కల మిర్చి వేసే ఇంట్లో పుట్టినవాడు మొదటిసారే తేజ తీస్తాడు, మిగతావాళ్లు రెండోసారి తీస్తారు, ఎవరికీ మోసపోయామనిపించదు. ఇప్పుడు ఆ సీన్లో ఒక్కటే మార్పు చేద్దాం. చపాటా పెట్టినప్పుడు కావలాయన ఏమీ అనడు, తెర మీద "అది కుదరదు" అని మాత్రం వస్తుంది. జవాబు మారలేదు, వస్తువులు మారలేదు, ఒక్క మెట్టు కూడా పెరగలేదు, కానీ పజిల్ ఆడలేనంత ఘోరంగా తయారైంది. ఎందుకంటే ఆటగాడు "మిర్చి తప్పు" అని కాదు, "తుమ్మించాలనే ఆలోచనే తప్పు" అనుకుని, సరైన దారిని చేజేతులా వదిలేసి, కుర్చీ మీదా గోడ మీదా ఫ్యాను స్విచ్చు మీదా క్లిక్ చేసుకుంటూ తిరుగుతాడు.

ఇలాంటి అడ్వెంచర్ గేముల పజిళ్లు కష్టమా తేలికా అనే చర్చలో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. జవాబు దగ్గర ఉండే కష్టం వేరు, ప్రశ్న దగ్గర ఉండే కష్టం వేరు. ఏం సాధించాలో తెలుసు, ఏది అడ్డమో తెలుసు, దారి మాత్రం తట్టట్లేదు, ఇది మొదటి రకం. ఇందులో ఇరుక్కున్నవాడు కంప్యూటర్ ఆపేశాక కూడా, అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచిస్తాడు. రెండో రకంలో ఏం చెయ్యమంటున్నారో అర్థం కాదు, చేసింది పూర్తిగా తప్పా సగం ఒప్పా తెలియదు, అసలు చూడాల్సిన వస్తువు తెర మీద ఉందో లేదో కూడా తెలియదు. దీంట్లో పడ్డవాడు ఆలోచించడు, వెతుకుతాడు, కాసేపటికి విసుగొచ్చి యూట్యూబ్ తెరుస్తాడు. "ఆ గేమ్ చాలా కష్టం" అని ఇద్దరూ ఒకే మాట అంటారు గానీ, మొదటివాడు పొగుడుతున్నాడు, రెండోవాడు తిడుతున్నాడు.

ఈ రెండో రకం కష్టం ఈ ఆటల పుట్టుకతోనే వచ్చింది. 1970ల్లో విల్ క్రౌథర్ మొదలుపెట్టి డాన్ వుడ్స్ పెంచిన గుహ ఆట నుంచి, బొమ్మలు వచ్చాక కూడా సియెరా కంపెనీ వాళ్ల కింగ్స్ క్వెస్ట్ (1984) దాకా, ఆటగాడు మాటలు టైపు చేసి ఆడాలి. కంప్యూటర్‌కి అర్థమయ్యే మాట ఏదో కనుక్కోవడమే ఒక పెద్ద పని, ఏం చెయ్యాలో మనసులో స్పష్టంగా ఉన్నా దాన్ని ఏ మాటలో చెప్పాలో తెలియక గంటలు గడిచిపోయేవి. ఆ కింగ్స్ క్వెస్ట్‌లోనే ఒక మరుగుజ్జు తన పేరు చెప్పమంటాడు. ఇంకో చోట దొరికే చీటీలో వెనక నుంచి ఆలోచించడం మంచిదని ఉంటుంది. పాశ్చాత్య జానపద కథ తెలిసినవాడు రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ అనే పేరును తిరగేసి కొడతాడు, తప్పంటుంది. ఇంగ్లిష్ అక్షరమాల మొత్తాన్ని తిరగేసి, మొదటి అక్షరం బదులు చివరిది, రెండోదాని బదులు చివరి నుంచి రెండోది, అలా మార్చి రాయాలట. చీటీ ఉంది, కథ ఉంది, ఆలోచన కూడా సరైనదే, కానీ తిరగెయ్యడంలో రెండు పద్ధతులుంటే ఏది కావాలో చెప్పే ఆధారం మాత్రం లేదు.

1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో మేనియక్ మాన్షన్ చేశారు. తియ్యి, ముయ్యి, ఇవ్వు, నెట్టు లాంటి మాటలన్నీ తెర కిందే రాసి పెట్టారు, టైపు చెయ్యాల్సిన పని లేదు, కర్సర్‌తో క్లిక్ చేస్తే చాలు. అందులో అలాంటి మాటలు 15, డే ఆఫ్ ద టెంటకిల్ (1993) వచ్చేసరికి 9, కింగ్స్ క్వెస్ట్ 7 (1994) నాటికి ఒక్క క్లిక్కే అన్నీ చేసేది. మాటల కోసం వెతుకులాట పోయింది, మంచిదే. కానీ దాని స్థానంలో రెండు కొత్త రోగాలు వచ్చాయి. ఒకటి, తెర మీద ఎక్కడో మూలన రెండు చుక్కలంత ఉన్న తాళంచెవి కోసం మౌస్‌తో తెరంతా ఊడ్చడం. రెండోది ఇంకా గట్టిది: ఆలోచించకుండానే గెలిచే దారి తెరుచుకుంది. దొరికినవన్నీ దాచుకునే హీరో సంచిలో 15 వస్తువులు, క్లిక్ చేయదగిన చోట్లు 20 ఉంటే మొత్తం 300 జతలు. ఓపికున్నవాడు ఒక్కోటీ ప్రయత్నిస్తూ పోతే ఏదో ఒకటి తగులుతుంది, ఎందుకు తగిలిందో అర్థం చేసుకోనక్కర్లేదు.

ఈ గుడ్డి ప్రయత్నాన్ని ఆపాలని కొందరు డిజైనర్లు పట్టుకున్న దారి అడ్డదిడ్డమైనది. జవాబును ఎవరూ ఊహించనంత వింతగా చేస్తే కష్టం పెరుగుతుందనుకున్నారు. నిజానికి జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. జవాబు ఎంత అర్థంపర్థం లేనిదైతే ఆలోచించేవాడు అంత నష్టపోతాడు, గుడ్డిగా 300 జతలూ కొట్టుకుంటూ పోయేవాడికి ఏ తేడా లేదు. తెలివిని శిక్షించి ఓపికకు బహుమతి ఇచ్చే పజిల్ అది. ది లాంగెస్ట్ జర్నీ (1999)లో మెట్రో పట్టాల మీద పడ్డ తాళంచెవిని తియ్యడానికి రబ్బరు బాతు, తాడు, పట్టుకారు కలిపి ఒక గాలం తయారుచెయ్యాలి, గాలి నెమ్మదిగా పోయేలా బాతుకు అతుకు వెయ్యాలి కూడా. ఆ ఆట కథను ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, బాతును సమర్థించేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక అన్నింటికన్నా ఎక్కువ తిట్లు తిన్నది గాబ్రియెల్ నైట్ 3 (1999)లోని మీసం. హీరోకి అద్దె మోటార్‌సైకిల్ కావాలి, అది మోస్లీ అనే స్నేహితుడి పేరు మీద బుక్ అయి ఉంది, కాబట్టి మోస్లీలా వేషం వెయ్యాలి. ఇక్కడి దాకా ప్రశ్న శుభ్రంగా ఉంది. ఆ తర్వాత పిల్లిని తరిమి, అది దూరే రంధ్రానికి టేపు అంటించి, టేపుకు అంటుకున్న వెంట్రుకలను తేనెపాకం లాంటి సిరప్‌తో మూతికి అతికించుకోవాలి. వినడానికి ఇదే వింత, కానీ అసలు సమస్య ఇది కాదు. మోస్లీకి మీసమే లేదు. అందుకని అతని పాస్‌పోర్టు కొట్టేసి ఫొటో మీద పెన్నుతో మీసం గీయాలి. 2000లో ఎరిక్ వోల్‌పా ఈ ఒక్క పజిల్‌ను మెట్టు మెట్టుగా విడదీసి, అడ్వెంచర్ గేములను చంపింది అడ్వెంచర్ గేములే అని వెక్కిరిస్తూ రాసిన వ్యాసం ఆట కంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. మెట్లు ఎక్కువని కాదు కోపం. మీసం అవసరమని ఆటలో ఎవరూ అనరు, ఎక్కడా కనపడదు, ఉన్న ఆధారమేమో దానికి వ్యతిరేకంగా ఉంది.

గమ్మత్తేమిటంటే, అదే ఆటలో లె సెర్పాన్ రూజ్ అనే ఇంకో పజిల్ ఉంది, అది మీసం కన్నా ఎన్నో రెట్లు కష్టం. ఒక పాత కవిత, ఒక మ్యాపు, దాని మీద గీతలు, వృత్తాలు, చతురస్రాలు గీసుకుంటూ పోవాలి, కాగితం పెన్ను లేనిదే అయ్యే పని కాదు. అయినా ఈ రకం ఆటల్లో వచ్చిన గొప్ప పజిళ్ల గురించి మాట్లాడేటప్పుడు దాని పేరు తప్పకుండా వస్తుంది. ఒకే ఆట, ఒకే బృందం, ఒకటి నవ్వులపాలు, ఒకటి నెత్తిన పెట్టుకున్నది. తేడా ఎక్కడుందో చూస్తే, కవితలో ప్రతి చరణం ఒక ప్రశ్న, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ల ముందే ఉంటుంది, ఒక గీత సరిగ్గా పడితే అది సరైనదని తెలుస్తుంది, అక్కడి నుంచి తర్వాతి చరణానికి పోవచ్చు. ఆటగాడు రోజంతా ఇరుక్కుంటాడు గానీ, ఎక్కడ ఇరుక్కున్నాడో అతనికి తెలుసు.

ఆట మధ్యలో నియమం మార్చడం ఇంకో రకం అన్యాయం. బ్రోకెన్ స్వోర్డ్ (1996)లో ఐర్లండ్ కోట దగ్గర ఒక మేక ఉంటుంది, దాన్ని దాటి పోవాలి. అప్పటిదాకా ఆటలో తొందరపడాల్సిన పనే లేదు, చాయ్ తాగుతూ ఆలోచించుకోవచ్చు. మేక దగ్గర మాత్రం అది పొడిచి పడేశాక, మళ్లీ పొడిచేలోపు, పక్కనున్న పాత వ్యవసాయ పరికరం మీద టక్కున క్లిక్ చేసి దాని తాడు చిక్కుపడేలా చెయ్యాలి. జవాబు అసలు కష్టం కాదు. కానీ ఈ ఆటలో వేగం కూడా పనికొస్తుందని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే అంతసేపూ ఆటే దాన్ని పనికిరానిదిగా నేర్పింది. ఆ ఆటనే తర్వాత మళ్లీ చేసిన డైరెక్టర్స్ కట్‌లో దాన్ని తేలిక చేశారు.

సియెరా ఆటల్లో ఇంతకన్నా దుర్మార్గమైనది ఉండేది, దాన్ని కష్టం అనడం కూడా తప్పే. కింగ్స్ క్వెస్ట్ 5 (1990)లో మొదట్లో ఒక పై దొరుకుతుంది, అంటే కస్టర్డ్ నింపిన తినుబండారం. హీరోకి ఆకలేస్తుంది, తినొచ్చు, ఆట తిననిస్తుంది. చాలాసేపటి తర్వాత మంచు కొండల్లో ఒక యతి ఎదురొస్తుంది, దాని మొహాన కొట్టడానికి ఆ పై ఉండాల్సిందే. తినేసినవాడికి ఇంక దారి లేదు, పాత సేవ్ ఉంటే అక్కడికి, లేకపోతే మొదటికి. సత్రం నేలమాళిగలో హీరోను కట్టిపడేసినప్పుడు అతన్ని కాపాడాల్సిన ఎలుకను, అంతకుముందు పిల్లి తరుముతున్నప్పుడు చెప్పు విసిరి కాపాడి ఉండకపోతే అక్కడ కూడా అంతే. గిల్బర్ట్ 1989లోనే ఈ తరహా పనులన్నింటినీ తిడుతూ ఒక వ్యాసం రాశాడు, మరుసటి ఏడాది వచ్చిన ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో వాటిని తీసిపారేసి చూపించాడు. అందులో హీరో చావాలంటే నీళ్ల అడుగున పది నిమిషాలు కూర్చోవాలి, అంత పట్టుదల ఉంటే తప్ప చావు రాదు. పజిళ్లు అంతకుముందువాటి కన్నా తేలికేం కాలేదు, ఆటగాడి భయం మాత్రం పోయింది, భయం పోయేసరికి ఏదైనా చేసి చూసే ధైర్యం వచ్చింది.

ఇప్పుడు తెలుగువాళ్లకు బాగా తగిలే సంగతికి వద్దాం, ఊరి జ్ఞానం. డే ఆఫ్ ద టెంటకిల్‌లో ముగ్గురు హీరోలు మూడు కాలాల్లో ఇరుక్కుంటారు, 200 ఏళ్ల వెనక ఒకడు, 200 ఏళ్ల ముందు ఒకరు. వెనకటి కాలంలో జార్జ్ వాషింగ్టన్ చేత ఒక చెట్టు కొట్టించాలి. అది కమ్‌క్వాట్ చెట్టు, నారింజ రంగు కాయలు. వాటికి ఎర్ర రంగు పూస్తే వాషింగ్టన్ అది చెర్రీ చెట్టనుకుని నరికేస్తాడు. అమెరికా పిల్లలకు వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు కొట్టిన కథ నోటికొచ్చు, వాళ్లకు ఇది నవ్వొచ్చే తేలిక పజిల్. ఆ కథ వినని పరకాల పిల్లవాడికి ఇది గోడ. మంకీ ఐలాండ్ 2 (1991)లో జలపాతం పంపు ఆపడానికి కోతిని బిగుసుకుపోయేలా చేసి పానాలా తిప్పాలి, అది అమెరికాలో ఆ పనిముట్టుకున్న మంకీ రెంచ్ అనే పేరు మీద ఆధారపడ్డ జోకు, ఇంగ్లండ్‌వాళ్లకే చాలామందికి అందలేదంటే మన సంగతి చెప్పక్కర్లేదు.

మనవాళ్లు గేమ్ చేస్తే ఇదే తప్పు అటు నుంచి ఇటు జరుగుతుంది. మేడారం జాతరలో నడిచే ఒక సీన్ ఊహించండి. ఒక పెద్దాయన హీరోతో "బంగారం తెస్తే లోపలికి పంపుతా" అంటాడు. ములుగు, భూపాలపల్లి, హన్మకొండ పిల్లలు ఒక్క సెకను ఆలోచించకుండా బెల్లం ముద్ద తీసి చేతిలో పెడతారు, సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం అంటే బెల్లమని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అదే అనంతపురంలో ఆడేవాడు నగల కొట్టు కోసం ఊరంతా తిరుగుతాడు. రామప్ప దగ్గర కూడా ఇంతే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, స్కూల్ టూర్‌లో పాలంపేట పోయొచ్చిన ప్రతి పిల్లవాడికీ ఈ ముక్క తెలుసు. చెరువు మీదుగా ఒక దీపాన్ని అవతలి గట్టుకు పంపాలి, సంచిలో రామప్ప ఇటుక లాంటి ఇటుక ఉంది. ఇక్కడివాడికి అది పజిలే కాదు. ఇటుకంటే మునిగేదే అనుకునే వాడికి ఆ జత 300లో చిట్టచివర ప్రయత్నించేది.

అలాగని ఊరి సంగతులు తీసెయ్యాలని కాదు, అవి తీసేస్తే ఆటలో వరంగల్ ఎందుకు, ఏ ఊరైనా ఒకటే. చెయ్యాల్సిందల్లా ఆ జ్ఞానాన్ని ఆటలోనే ముందుగా నాటడం. తూకం ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో బెల్లం, ఎవరో "ఎంతైంది బంగారం" అని అడగడం, ఇది రెండు సీన్ల ముందు దారి పక్కన జరిగిపోతే చాలు. ఇటుక తేలడం చూపించడానికి గైడు ఉపన్యాసం అక్కర్లేదు, ఎవరో పిల్లాడు చిన్న ముక్కను బకెట్ నీళ్లలో వేసి ఆడుకుంటూ కనపడితే సరిపోతుంది. అప్పుడు ఇక్కడివాడికి తను తెలివైనవాడినన్న ఆనందం ఎలాగూ ఉంటుంది, బయటివాడికి చూసిన దాన్ని గుర్తుచేసుకున్న ఆనందం ఉంటుంది. ఎంత ముందు చూపించాలి, ఎంత గట్టిగా చూపించాలి, కష్టం తగ్గించే పెంచే మీట నిజానికి ఇక్కడుంది. పజిల్ పక్కనే చూపిస్తే తేలిక, మూడు సీన్ల ముందు చూపిస్తే కష్టం, అసలు చూపించకపోతే అది పజిల్ కాదు.

ఈ లోపం డిజైనర్‌కు తనంతట తనకు కనపడదు, తనకు జవాబు ముందే తెలుసు కాబట్టి. ఆట చేసినవాడి హాస్టల్ రూమ్మేట్‌కు ఇచ్చి ఆడించడం పరీక్ష కిందికి రాదు, వాడు పక్కనే కూర్చుని అన్నీ విని ఉంటాడు. ఎక్కడో శ్రీకాకుళంలోనో కడపలోనో ఉన్నవాళ్లకు పంపి, వాళ్లు ఆడుతున్నప్పుడు నోరు మూసుకుని చూడాలి, నోరు మూసుకోవడమే అన్నింటికన్నా కష్టం. జవాబు దొరికిందా లేదా అన్నది కాదు చూడాల్సింది, దొరక్కముందు ఏమేం ప్రయత్నించారన్నది. పదిమందిలో ఆరుగురు ఒకే తప్పు చేస్తే అది తప్పు కాదు, డిజైనర్‌కు తట్టని రెండో జవాబు. దాన్నీ ఒప్పుకోవచ్చు, లేదా అది ఎందుకు పనిచెయ్యదో చెప్పే మంచి డైలాగు రాయొచ్చు.

ఒక్కో పజిల్‌ను విడిగా తీసుకుని కష్టం కొలవడంలో ఇంకో చిక్కుంది. ఆ సమయానికి ఆటగాడి ముందు ఎన్ని తలుపులు తెరిచున్నాయన్నది బట్టి అదే పజిల్ బరువు మారిపోతుంది. ఏది తేలాక ఏది తేలాలో గీతలతో గీసుకునే పద్ధతి గురించి గిల్బర్ట్ చాలా వివరంగా రాశాడు. అలా గీస్తే ఆట ఆకారం కనపడుతుంది. సన్నగా ఒకే దారం లాగా పోతుంటే ప్రతి పజిల్ ఒక చెక్‌పోస్టు, ఒక్క మామూలు పజిల్ దగ్గర ఆగినా ఆట మొత్తం ఆగిపోతుంది. మంకీ ఐలాండ్ మొదటి భాగంలో మూడు పరీక్షలుంటాయి, కత్తియుద్ధం, దొంగతనం, నిధి వేట, వాటిని ఏ వరుసలోనైనా చెయ్యొచ్చు. ఒకటి తట్టకపోతే రెండోదానికి పోవచ్చు, ఆ రెండోది చేస్తుండగా మొదటిది టక్కున వెలుగుతుంది కూడా. అలాగని తలుపులు మరీ ఎక్కువైతే అదో రకం పరేషాన్. మంకీ ఐలాండ్ 2లో మూడు దీవులు, నాలుగు మ్యాపు ముక్కలు, సంచి నిండా వస్తువులు, ఏ వస్తువు ఏ దీవికి సంబంధించిందో తెలియక ఓడెక్కి దిగడంతోనే సాయంత్రమైపోతుంది. చాలామంది దాన్ని ఈ రకం ఆటల్లో శిఖరం అంటారు, ఆ మాట ఒప్పుకుంటూనే దాని మధ్య భాగం కొంచెం వాచిందని చెప్పాలి.

అదే ఆటలో తేలిక, కష్టం అని రెండు రకాలు పెట్టారు, తర్వాత థింబుల్‌వీడ్ పార్క్ (2017), రిటర్న్ టు మంకీ ఐలాండ్ (2022) కూడా ఆ దారినే పోయాయి. తేలిక రకంలో జవాబులను పిల్లల స్థాయికి దించలేదు, గొలుసులో కొన్ని లింకులు తీసేశారు. కష్టంలో పెట్టె తాళం, తాళానికి చెవి, చెవి ఉన్న మనిషి, ఆ మనిషికి కావాల్సిన వస్తువు ఉంటే, తేలికలో పెట్టె తెరిచే ఉంటుంది.

హింట్ల చరిత్ర కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. మనిషి ఎదురుగా ఉంటే ఈ గొడవే లేదు, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని పొడుపుకథ వేసిన అవ్వ పిల్లవాడి మొహం చూసి, ఇంకా ఆలోచిస్తున్నాడా చేతులెత్తేశాడా కనిపెట్టి, కావాల్సినంతే "నీ మొహం మీదనే ఉన్నయి గదరా" అని అందిస్తుంది. కంప్యూటర్‌కు మొహం కనపడదు. ఇన్ఫోకామ్ కంపెనీ 1980ల్లో అమ్మిన ఇన్విజిక్లూస్ పుస్తకాల్లో జవాబులు కనపడని సిరాతో ఉండేవి, ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే తేలేవి, ముందు మొగమాటంగా ఒక మాట, తర్వాత కాస్త స్పష్టంగా, చివరికి జవాబు. ప్రశ్నలు చదివే కథ ఊహించెయ్యకుండా మధ్యలో ఉత్తుత్తి ప్రశ్నలు కూడా కలిపేవాళ్లు. చెక్ దేశపు అమానిటా డిజైన్ చేసిన మషినేరియం (2009)లో జవాబుల పుస్తకం ఆటలోనే ఉంటుంది, కానీ తెరవాలంటే విసుగొచ్చే చిన్న షూటింగ్ ఆట ఒకటి గెలవాలి. ఆ విసుగు కావాలనే పెట్టింది, రెండు నిమిషాల పని కాబట్టి నిజంగా ఇరుక్కున్నవాడు చేస్తాడు, బద్ధకించినవాడు ఇంకోసారి ఆలోచిస్తాడు. అన్నట్టు, ఆ ఆటలో చదవాల్సిన మాటలు దాదాపు ఉండవు, ఇంగ్లిష్ రాని పిల్లలకు ఇవ్వగలిగిన మొట్టమొదటి అడ్వెంచర్ గేమ్ అదే కావాలి.

యూట్యూబ్ వచ్చాక హింట్ల మీద డిజైనర్‌కు పట్టు పోయింది. వీడియోలో ఒక్క పజిల్ కోసం చూస్తే తర్వాతి మూడు కూడా చూసేస్తాం. రిటర్న్ టు మంకీ ఐలాండ్ అందుకే హింట్ పుస్తకాన్ని హీరో సంచిలోనే పెట్టింది, అడిగిన దానికి మాత్రమే, అడిగినంత మాత్రమే చెబుతుంది. ఇది ఓటమి ఒప్పుకోవడం అని గొణిగే పాతకాలం అభిమానులున్నారు, వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇక 300 జతల సమస్యకు సరైన మందు కనిపెట్టింది వస్తువుల సంచి లేని ఆటలు. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018)లో ఓడ మీది 60 మందిలో ఎవరు ఎవరు, ఎవరికేమైందో రాయాలి, ఆట మాత్రం ముగ్గురి వివరాలు పూర్తిగా సరిపోయినప్పుడే "ఒప్పు" అంటుంది. ఒక్కడి గురించి గుడ్డిగా కొడితే ఏమీ తేలదు, ముగ్గురినీ కలిపి ఊహించడానికి జతలు లెక్కలేనన్ని. ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్ (2022) ఇంకో రకంగా, ఖాళీలు నింపాక తప్పులు రెండు లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే ఆ సంగతి చెబుతుంది, ఏవి తప్పో చెప్పదు. ఆలోచించేవాడికి "దగ్గరికొచ్చావు" అన్న ధైర్యం, గుడ్డిగా కొట్టేవాడికి శూన్యం. జవాబును వింతగా చెయ్యకుండా గుడ్డి ప్రయత్నాన్ని ఆపడమంటే ఇది.

ఇప్పుడు ఈ ఆటలు చాలామంది ఫోన్లో ఆడుతున్నారు, హన్మకొండ నుంచి కరీంనగర్ పోయే బస్సులో ఒక అరగంట, మళ్లీ ఎప్పుడో ఆదివారం ఇంకో అరగంట. వేలు కిందే వస్తువు దాగిపోయే తెర మీద చుక్కల వేట పెట్టడం క్రూరత్వం, క్లిక్ చేయదగినవన్నీ ఒక్కసారి మెరిసే బటన్ ఉండాల్సిందే. వారం తర్వాత తెరిచినవాడికి ఎక్కడ ఆపాడో, ఎందుకు ఆ ఊరొచ్చాడో గుర్తుండదు, కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సిన పనుల చిట్టా కూడా కావాలి. చిట్టా పెడితే తేలికైపోతుందని భయపడతారు గానీ, చిట్టాలో రాసేది ప్రశ్నలే కదా.

ఇద్దరు ముగ్గురు కలిసి కాలేజీలో మొదటి గేమ్ చేసేటప్పుడు బొమ్మలకే సమయమంతా పోతుంది, తప్పు జవాబుల డైలాగులు చివరి రాత్రికి మిగులుతాయి, ఆ రాత్రి అన్నింటికీ ఒకే వాక్యం అతికించేస్తారు. 300 జతలకూ సొంత డైలాగు రాయడం ఎవరి వల్లా కాదు, అక్కర్లేదు కూడా. ఆడించి చూసినప్పుడు జనం నిజంగా ప్రయత్నించేవి వాటిలో నలభై యాభైకి మించవు, రాయాల్సింది వాటికి, బొమ్మలకు రంగులు వెయ్యకముందే.